నొప్పికి, గాయాలకు చేతి చికిత్సలు: కైరోప్రాక్టిక్, మృదుకణజాల చికిత్స, సిద్దిపేట ప్రాంతం

వెన్నెముకలో, కీళ్లలో, వాటి చుట్టూ ఉండే కండరాలలో, బంధనాలలో పుట్టే నొప్పిని మందుతోనో శస్త్రచికిత్సతోనో కాకుండా చేతి ఒత్తిడితో, సాగదీతతో, మర్దనతో తగ్గించే పద్ధతులను చేతి చికిత్సలు అంటారు. వీటిలో రెండు ప్రధానమైనవి. వెన్నుపూసల మధ్య కీళ్లపై ఒక్క క్షణంలో, చాలా కొద్ది దూరం మాత్రమే కదిలేలా ఒత్తిడి ఇచ్చే కైరోప్రాక్టిక్ మొదటిది. కండరాలపైన, వాటిని కప్పి ఉండే పొరలపైన, కండరాన్ని ఎముకకు అతికించే స్నాయు బంధనాలపైన, ఎముకను ఎముకతో కలిపే సంధి బంధనాలపైన పనిచేసే మృదుకణజాల చికిత్స రెండవది. మొదటిది 19వ శతాబ్ది చివర అమెరికాలో రూపుదిద్దుకున్న వృత్తి కాగా, రెండవది అన్ని సమాజాలలోనూ ఏదో ఒక పేరుతో ఉంటూ వచ్చింది. తెలంగాణలో మాలీషుగా, ఆయుర్వేదంలో అభ్యంగనంగా, యునానీలో దల్క్‌గా, ఆసుపత్రిలో ఫిజియోథెరపీగా కనిపించేదంతా ఈ రెండవ కోవకే చెందుతుంది.

2016 అక్టోబరు 11న జిల్లాగా ఏర్పడిన సిద్దిపేటలో ఈ చికిత్సల అవసరం ఎక్కువగా ఉండడానికి అక్కడి జీవనోపాధులే కారణం. వరి, పత్తి సాగు, చేనేత, బీడీల తయారీ, కల్లుగీత, మార్కెట్ యార్డుల్లో హమాలీ పని ఈ ప్రాంతపు ప్రధాన వృత్తులు; వీటిలో ప్రతి ఒక్కటీ శరీరంలోని ఏదో ఒక భాగాన్ని ఏళ్ల తరబడి ఒకే తీరుగా వాడుకునే పనే. చేతి చికిత్స ఏదైనా దాని ఫలితాన్ని ఈ నేపథ్యంలోనే తూచవలసి ఉంటుంది, ఎందుకంటే మంచంపై పడుకోబెట్టి అరగంట సేపు నొక్కిన నడుము మరుసటి ఉదయం మళ్లీ అదే మగ్గం గుంటలోకి, అదే నాటు మడిలోకి వెళుతుంది.

శ్రమ, నొప్పి

దుబ్బాక, సిద్దిపేట పరిసరాల్లో బీడీలు చుట్టే మహిళలు నేలపై కాళ్లు మడిచి కూర్చొని, ఒడిలో చాట పెట్టుకొని, తల వంచి పనిచేస్తారు. నానబెట్టిన తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించి, పొగాకు పరిచి, వేళ్లతో చుట్టి, కొసను లోపలికి మడిచి, దారంతో కట్టడం ఒక్కో బీడీకి చేయవలసిన పని. కూలీ లెక్క మాత్రం వెయ్యి బీడీలకు. సుమారు 4 నుంచి 5 కిలోల బరువుండే తల ముందుకు వంగినప్పుడు దానిని పట్టి ఉంచే భారమంతా మెడ వెనుక కండరాలపైన, మెడ నుంచి భుజానికి దిగే వెడల్పాటి కండరంపైన పడుతుంది. ఆ కండరాలు కదలకుండా గంటల తరబడి బిగిసి ఉండడం వల్ల వాటిలో రక్తప్రసరణ మందగించి, గట్టిపడిన చోట్లు ఏర్పడి, వేలితో నొక్కితే నొప్పి తలకో చేతికో పాకుతుంది. వేళ్లలో తిమ్మిరి కూడా చేరితే మణికట్టు దగ్గర నాడి ఒత్తుకుపోతున్నదేమో పరీక్షించవలసి ఉంటుంది. దానిని మెడ నొప్పి కిందనే జమకట్టి మాలీషుతో సరిపెట్టడం తరచుగా జరిగే పొరపాటు.

భౌగోళిక గుర్తింపు పొందిన సిద్దిపేట గొల్లభామ చీరను నేసే కార్మికుని ఇబ్బంది వేరు. గుంట మగ్గంలో కాళ్లు గుంటలోకి దించి, పలకలు తొక్కుతూ, ఒక చేత్తో నాడెను నడుపుతూ, మరో చేత్తో అచ్చును లాగుతూ, తలపై కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మ దగ్గరికి వచ్చినప్పుడు పడుగు పోగుల మధ్య రంగు పోగులను వేళ్లతో అమర్చుతూ ముందుకు ఒంగే ఆ భంగిమలో నడుము కింది డిస్కులపై, అంటే వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే పళ్లేల వంటి నిర్మాణాలపై, ఒత్తిడి పెరుగుతుంది. నాట్లు వేసే కూలీల నడుము, బస్తాలు మోసే హమాలీల భుజం, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుల మోకాలు కూడా ఈ వరుసలోనివే. చెట్టు మీది నుంచి పడి వెన్నుపూస విరిగే ప్రమాదం గీత వృత్తికి ఎప్పటి నుంచో అంటిపెట్టుకొని ఉన్నది. దానిని తగ్గించడానికి తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్ష పేరుతో భద్రతా కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. జిల్లా మీదుగా హైదరాబాదు నుంచి కరీంనగరుకు సాగే రాజీవ్ రహదారి ప్రమాదాలలో మెడ ఒక్కసారిగా ముందుకు, వెనక్కు ఊగడం వల్ల కలిగే గాయాలు కూడా చికిత్సకులకు కొత్త కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారు. వీరిలో దాదాపు 90 శాతం మందిలో నొప్పికి ఫలానా ఎముక విరిగిందనో, ఫలానా నాడి నలిగిందనో చూపగల కారణం దొరకదు. ఈ సంగతి చేతి చికిత్సల చరిత్రనంతటినీ అర్థం చేసుకోవడానికి ముఖ్యం. నిర్దిష్ట కారణం లేని నొప్పికి ఎవరి సిద్ధాంతం వారు కారణం చెప్పగలరు; పైగా కొత్తగా వచ్చిన నడుము పట్టు చాలామందిలో కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలలో దానంతటదే తగ్గుముఖం పడుతుంది కనుక, చివరగా చేసిన చికిత్సకే పేరు దక్కుతుంది.

ఇంటి వైద్యం, కట్టు వైద్యం

ఎదురు కాళ్లతో పుట్టినవారు నడుముపై కాలితో తాకితే పట్టు వదులుతుందనే నమ్మకం తెలుగు పల్లెలలో విస్తారంగా ఉన్నది. రోగిని బోర్లా పడుకోబెట్టో గుమ్మం దగ్గర నిలబెట్టో నడుముపై తన్నినట్టు తాకే ఈ ఆచారం బాహ్యరూపంలో వెన్నుకు ఒత్తిడి ఇచ్చే పద్ధతిని పోలి ఉన్నా, దాని ఫలితంలో పెద్ద భాగం నొప్పి సహజంగా తగ్గే స్వభావానిదే. అదే ఇళ్లలో వావిలాకు వేసి కాచిన నీళ్ల స్నానం, వేడిచేసిన ఉప్పు మూటతో కాపడం, ఆముదం రాసి వెచ్చచేసిన జిల్లేడాకు కట్టడం, బెణుకుకు సున్నం, బెల్లం కలిపి పట్టు వేయడం కూడా సాగుతూ వచ్చాయి. వీటిలో కాపడానికి ఆధునిక వైద్యం మద్దతు స్పష్టంగా ఉన్నది: అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ప్రకటించిన మార్గదర్శకాలు కొత్తగా వచ్చిన నడుము నొప్పికి మందులకంటే ముందు పైనుంచి ఇచ్చే వేడిని, మర్దనను, ఆక్యుపంక్చరును, వెన్ను చికిత్సను సూచించాయి. వేడి తగిలిన కండరం సడలుతుంది, నొప్పి భయంతో మానుకున్న కదలిక తిరిగి మొదలవుతుంది. సున్నం, బెల్లం పట్టు మాత్రం ఎండి బిగిసి కీలును కొంతసేపు కదలనివ్వకుండా చేయడం మినహా లోపలి గాయానికి చేసే మేలు తక్కువ, చర్మం పొక్కే ప్రమాదమూ ఉన్నది.

తెలుగువారి ఇళ్లలో నొప్పికి రాసుకునే పూతలు రెండు ప్రత్యేకంగా పేర్కొనదగినవి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం ఒకటి. 1920 నుంచి హైదరాబాదులో తయారవుతున్న యునానీ మందు జిందా తిలిస్మాత్ మరొకటి. ఇటువంటి పూతలలోని పుదీనా సత్తు, కర్పూరం, నీలగిరి తైలం చర్మంలో చల్లదనాన్ని, వేడిని పసిగట్టే నాడీ కొసలను ప్రేరేపించి లోపలి నొప్పి మీది ధ్యాసను తగ్గిస్తాయి. దెబ్బ తగిలిన చోటును ఎవరైనా వెంటనే రుద్దుకోవడానికి కూడా ఇటువంటి కారణమే ఉన్నది. స్పర్శను మోసే నాడుల సంకేతాలు వెన్నుపాము దగ్గర నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయని రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించారు. దానిని ద్వార నియంత్రణ సిద్ధాంతం అంటారు.

విరిగిన ఎముకలకు, తప్పిన కీళ్లకు ఆకు పసరుతో, వెదురు బద్దలతో కట్టు కట్టే సంప్రదాయం మరొకటి. చిత్తూరు ప్రాంతంలోని పుత్తూరు కట్టు దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. తెలంగాణ పట్టణాలలో సైతం పుత్తూరు కట్టు పేరుతో బోర్డులు కనిపించేంతగా దానికి పేరు వచ్చింది. శాస్త్రరూపంలో ఈ పరిజ్ఞానం ఇంకా పాతది: సుశ్రుత సంహిత సంధులు తప్పడంలో 6 రకాలను, ఎముక విరగడంలో 12 రకాలను వేరుచేసి చెప్పింది, గాయపడితే ప్రమాదకరమైన 107 మర్మస్థానాలను లెక్కించింది. కట్టు వైద్యుల అనుభవాన్ని తేలికగా కొట్టివేయడం న్యాయం కాదు, కానీ ఎక్స్‌రే లేకుండా కట్టిన బిగుతు కట్టు వల్ల వాపు పెరిగి, రక్తప్రసరణ ఆగి, చేయి లేదా కాలు తీసివేయవలసి వచ్చిన సందర్భాలను దేశంలోని ఎముకల వైద్యులు పదేపదే నమోదు చేశారు. కట్టు కట్టిన తరువాత వేళ్లు చల్లబడడం, నల్లబడడం, తిమ్మిరెక్కడం, కదిపితే భరించలేని నొప్పి కలగడం కనిపిస్తే కట్టును గంటలలోనే విప్పించాలి, రోజులు ఆగకూడదు.

కైరోప్రాక్టిక్

1895 సెప్టెంబరు 18న అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్టులో డేనియల్ డేవిడ్ పామర్ అనే అయస్కాంత చికిత్సకుడు, తాను పనిచేసే భవనంలోని పారిశుద్ధ్య ఉద్యోగి హార్వీ లిల్లార్డు వెన్నుపూసను సరిచేసి అతని చెవుడు పోగొట్టానని ప్రకటించుకున్నాడు. వెన్నుపూస కొద్దిగా పక్కకు జరిగి నాడీశక్తికి అడ్డుపడడమే రోగాలకు మూలమని, ఆ జారుడును సరిచేస్తే దేహం తనను తాను బాగుచేసుకుంటుందని అతని సిద్ధాంతం. వినికిడిని మోసే నాడి పుర్రె లోపలి నుంచే మెదడును చేరుతుంది, వెన్నెముక గుండా పోదు కనుక ఆ మొదటి కథనే శరీరశాస్త్రం ఒప్పుకోలేదు. అయినప్పటికీ 1897లో ఆరంభమైన పామర్ పాఠశాల నుంచి ఆ వృత్తి వేగంగా వ్యాపించింది. 1913లో కాన్సస్ లైసెన్సు చట్టం చేయగా, 1974లో లూసియానాతో అమెరికా రాష్ట్రాలన్నిటా గుర్తింపు పూర్తయింది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఆ వృత్తిని బహిష్కరించడంపై 1976లో వేసిన దావాలో 1987లో కైరోప్రాక్టర్లే గెలిచారు. పోటీని అణచడం చట్టవిరుద్ధమని మాత్రమే ఆ తీర్పు తేల్చింది; చికిత్స శాస్త్రీయమని తేల్చలేదు. బ్రిటన్‌లోని జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిల్ స్వయంగా 2010లో వెన్నుపూస జారుడు రోగకారణమనే భావన చారిత్రకమైనదే తప్ప దానికి ఆధారాలు లేవని ప్రకటించింది.

చికిత్స సమయంలో టక్కుమని వినిపించే శబ్దం ఎముక యథాస్థానానికి చేరిన గుర్తు అని రోగులు అనుకుంటారు, కొందరు చికిత్సకులు అలాగే చెబుతారు. నిజానికి కీలు లోపలి జిగురు ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి వాయువుతో కూడిన ఖాళీ ఏర్పడడం వల్ల ఆ శబ్దం వస్తుంది. 2015లో కెనడా పరిశోధకులు వేలి కీళ్లను ఎంఆర్ఐ యంత్రంలో లాగి ఆ ఖాళీ ఏర్పడే క్షణాన్ని చిత్రీకరించారు. శబ్దం రాకపోయినా చికిత్స ఫలితంలో తేడా ఉండదు. చేతి ఒత్తిడి వల్ల జరిగేది కీలు చుట్టూ ఉన్న నాడీ గ్రాహకాల ప్రేరణ, కండరాల బిగుతు కొంతసేపు సడలడం, ఆ సడలింపులో రోగి భయం లేకుండా కదలగలగడం.

ఫలితం ఎంత అన్న ప్రశ్నకు ఇప్పుడు తగినంత సమాధానం ఉన్నది. కొత్తగా వచ్చిన నడుము నొప్పిపై 2017లో వెలువడిన ఒక సమీక్ష, వెన్ను చికిత్స వల్ల నొప్పి 100 పాయింట్ల కొలబద్దపై సగటున 10 పాయింట్ల మేర తగ్గిందని తేల్చింది. దీర్ఘకాలిక నడుము నొప్పిపై 47 పరీక్షలను, 9,211 మంది రోగులను కలిపి చూసిన 2019 నాటి సమీక్షలో ఈ చికిత్స వ్యాయామం వంటి ఇతర సిఫారసు చికిత్సలకు దాదాపు సమానంగా నిలిచింది, వాటిని మించలేదు. ఉబ్బసం, మధుమేహం, రక్తపోటు వంటివి వెన్ను సరిచేస్తే నయమవుతాయన్న ప్రచారానికి ఆధారం లేదు, అటువంటి మాట వినిపించిన చోటి నుంచి రోగి లేచి రావడమే మంచిది.

మృదుకణజాల చికిత్సలు

మర్దనను వైద్యశాస్త్రంలోకి తెచ్చిన ఘనత 1813లో స్టాక్‌హోంలో వ్యాయామ విద్యాసంస్థను స్థాపించిన పేర్ హెన్రిక్ లింగ్ పరంపరకు చెందుతుంది. 20వ శతాబ్దిలో బ్రిటన్‌కు చెందిన జేమ్స్ సిరియాక్స్ స్నాయు బంధనాలను వేలి కొసతో అడ్డంగా రుద్దే పద్ధతిని, అమెరికా వైద్యురాలు జానెట్ ట్రావెల్ కండరాలలో గట్టిపడిన నొప్పి కేంద్రాలపై నొక్కే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చారు. నొప్పి కేంద్రంలో సన్నని సూది గుచ్చే డ్రై నీడ్లింగ్, లోహపు పలకతో చర్మంపై గీసే పద్ధతి, హైదరాబాదు పాతబస్తీలో హిజామాగా పరిచితమైన కప్పింగ్ కూడా ఈ కోవలోనివే. చేతితో నొక్కి కండరపు పొరల అతుకులను విడదీస్తామని కొందరు చెప్పే మాట నిలవదు, ఎందుకంటే తొడ పక్కనున్న దట్టమైన పొరను ఒక శాతం కుదించడానికైనా మనిషి చేతికి మించిన బలం కావాలని లెక్కలు చూపాయి. ఉపశమనం మాత్రం అబద్ధం కాదు, అది నాడీవ్యవస్థ స్పందనలోని మార్పు. 25 పరీక్షలను పరిశీలించిన 2015 నాటి కాక్రేన్ సమీక్ష నడుము నొప్పికి మర్దన స్వల్పకాలంలో మేలు చేస్తుందని, ఆ మేలు ఎక్కువకాలం నిలుస్తుందనడానికి సాక్ష్యం బలహీనంగా ఉందని చెప్పింది.

ఆయుర్వేదంలోని కటివస్తి చూడదగిన పద్ధతి. మినప్పిండిని ముద్దగా కలిపి, రోగి బోర్లా పడుకున్నప్పుడు నడుము కింది భాగంపై వలయంగా గోడ కట్టి, అంచులను తడి వేలితో చర్మానికి అతికించి, మధ్యలో గోరువెచ్చని తైలం పోస్తారు; తైలం చల్లారిన కొద్దీ దూదితో పీల్చి మళ్లీ వెచ్చనిది నింపుతూ అరగంటకు పైగా ఉంచుతారు. నిలకడగా అందే ఆ వేడిలో, కదలకుండా పడుకున్న విశ్రాంతిలో, పక్కన కూర్చొని శ్రద్ధగా చూసే మనిషి సమక్షంలో కండరం సడలడం సహజమే.

గాయం మానే క్రమం

చేతి చికిత్స ఎప్పుడు, ఎంత అన్నది గాయం ఏ దశలో ఉన్నదో తెలిస్తేనే నిర్ణయించగలం. కబడ్డీలో చీలమండ బెణికిన యువకుని విషయం తీసుకుంటే, తెగిన సంధి బంధనంలోకి మొదటి రెండు, మూడు రోజులలో రక్తంతో పాటు శుద్ధిచేసే కణాలు చేరి వాపు, వేడి, ఎరుపు వస్తాయి. ఆ తరువాతి వారాలలో కొత్త పీచు అడ్డదిడ్డంగా అల్లుకుంటుంది. ఆపైన నెలల తరబడి ఆ పీచు తనపై పడే లాగుడు దిశలో సర్దుకుంటూ బలపడుతుంది. మొదటి దశలో గట్టిగా మాలీషు చేస్తే తెగిన నాళాల నుంచి రక్తస్రావం పెరిగి వాపు ముదురుతుంది, రెండో దశలో పూర్తిగా కదపకుండా ఉంచితే పీచు క్రమం తప్పి కీలు బిగుసుకుంటుంది. విశ్రాంతి, మంచుగడ్డ, కట్టు, పాదం ఎత్తి ఉంచడం అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్, మంచు, పూర్తి విశ్రాంతి గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చునని 2014లో తన మాటను సవరించుకున్నారు. ఇప్పటి పద్ధతిలో మొదటి కొద్ది రోజులు రక్షణ, ఆపై నొప్పి భరించగలిగినంత మేర బరువు మోపడం, ఒంటికాలిపై నిలబడే సంతుల్య వ్యాయామం వరుసగా సాగుతాయి. మర్దన ఈ వరుసకు తోడు మాత్రమే. మడమ వెనుక స్నాయు బంధనపు దీర్ఘకాలిక నొప్పికి మెట్టు అంచున నిలబడి మడమను నెమ్మదిగా కిందికి దించే వ్యాయామం 12 వారాలపాటు చేయించి 1998లో స్వీడన్ వైద్యుడు హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ చూపిన ఫలితం ఈ రంగం దిశనే మార్చింది. మానడానికి కావలసింది తగిన మోతాదులో భారం అని, దానిని రోగి స్వయంగా మోయాలని అప్పటి నుంచి స్థిరపడింది.

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుము నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాలు వ్యాయామం, రోగికి అవగాహన, మానసిక చికిత్సలతో పాటు వెన్ను చికిత్సను, మర్దనను సూచించాయి. నడుముకు కట్టుకునే బెల్టును, లాగుడు బరువులను వద్దన్నాయి. మందుల దుకాణంలో బెల్టు కొనుక్కొని నెలల తరబడి బిగించుకొనే అలవాటు ఉన్న ప్రాంతంలో ఇది తప్పక చెప్పవలసిన మాట.

ఎవరికి చేయకూడదు

రాత్రి నిద్రలో ఎక్కువయ్యే నొప్పి, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం వెన్నెముక క్షయకు గుర్తులు కావచ్చు. క్షయ తిన్న వెన్నుపూసను నొక్కితే అది కుంగి వెన్నుపామును నలిపే ప్రమాదం ఉన్నది. మలమూత్రాలపై అదుపు తప్పడం, జననాంగాల చుట్టూ స్పర్శ పోవడం, పాదం వేలాడడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి చేరాలి. ఎముకలు గుల్లబారిన వృద్ధ మహిళలకు వెన్నుపై కుదుపు పనికిరాదు. తెలుగు నేలకు ప్రత్యేకమైన హెచ్చరిక ఫ్లోరోసిస్‌కు సంబంధించినది. భారతదేశంలో ఈ వ్యాధిని తొలిసారి 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోనే గుర్తించారు. తరువాత నల్లగొండ దీనికి పర్యాయపదంగా మారింది. తాగునీటిలోని ఫ్లోరైడు ఏళ్ల తరబడి చేరి వెన్ను బంధనాలను ఎముకగా మార్చి వెన్నెముకను కర్రలా బిగించివేస్తుంది. అటువంటి వెన్నుకు ఇచ్చే కుదుపు కదలికను పెంచదు, పైగా ఎముక విరగడానికి, వెన్నుపాము గాయానికి దారితీస్తుంది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో మొదలైన మిషన్ భగీరథ తాగునీటిని మార్చినా, అంతకుముందు దశాబ్దాల పాటు బోరు నీళ్లు తాగిన పెద్దవారి వెన్ను అలాగే ఉంటుంది కనుక వారికి ఎక్స్‌రే చూడకుండా చేయి వేయరాదు.

మెడ విషయంలో జాగ్రత్త మరింత అవసరం. మెడ పూసల గుండా మెదడుకు వెళ్లే ధమని గోడ హఠాత్తుగా మెలితిప్పినప్పుడు చిరిగి, గడ్డకట్టిన రక్తం పక్షవాతానికి దారితీయవచ్చు. క్షౌరశాలలో తల మాలీషు చేసి చివర మెడను రెండు వైపులా విరిచే అలవాటు ప్రమాదకరమైనది అందుకే. 2022లో హైదరాబాదులో బ్యూటీ పార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకుంటుండగా ఒక మహిళకు పక్షవాతం వచ్చిన సంఘటనను నాడీ వైద్యులు వెల్లడించారు. ఇటువంటి కేసులు అరుదు, పైగా ధమని అప్పటికే చిరగడం వల్ల మెడ నొప్పితో వచ్చినవారూ వాటిలో ఉంటారు కనుక కారణం చికిత్సేనని ప్రతిసారీ చెప్పలేము. అయితే మెడ నొప్పికి విరుపు లేని మెల్లని కదలికలు, వ్యాయామం అందుబాటులో ఉండగా ఆ కొద్దిపాటి ప్రమాదాన్ని కొనితెచ్చుకోవలసిన అవసరం కనిపించదు.

చట్టం, అర్హత

భారతదేశంలో ఫిజియోథెరపీ 2021 నాటి జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం పరిధిలోకి వస్తుంది. తెలంగాణలో నాలుగేళ్లకు పైబడిన ఆ డిగ్రీ కోర్సు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడుస్తుంది. సిద్దిపేటలో 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయ్యాక వెన్ను, ఎముకల కేసులకు హైదరాబాదు దాకా వెళ్లే అవసరం కొంత తగ్గింది. కైరోప్రాక్టిక్‌కు మాత్రం దేశంలో ప్రత్యేక చట్టబద్ధ మండలి లేదు. అందువల్ల బోర్డు మీది ఆ పేరు చూసి చికిత్సకుని చదువు ఎంతో తెలుసుకునే వీలు రోగికి ఉండదు. విదేశంలో పూర్తి డిగ్రీ చేసినవారు, ఫిజియోథెరపీ చదివి ఆ పద్ధతులు నేర్చినవారు, కొద్ది రోజుల శిక్షణ పత్రంతో కేంద్రం తెరిచినవారు అదే పేరును వాడుకోగలరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 మార్గదర్శకాలలో ఈ వృత్తికి నిర్ణయించిన కనీస శిక్షణ 4,200 గంటలు, అందులో పర్యవేక్షణలో రోగులకు చికిత్స చేసే అనుభవం కనీసం 1,000 గంటలు. వెన్నుపై చేయి వేయించుకోబోయే రోగి ఆ శిక్షణ ఎక్కడ, ఎంతకాలం జరిగిందని అడగడం మర్యాద తప్పడం కాదు, అడిగి తెలుసుకోవడం అతని హక్కు.